నీడ లేని మబ్బు

అభయారణ్యం మీద ఉపగ్రహం తీసే ఫోటోలు పొద్దున్నే ఆఫీసుకు వస్తాయి. ఎక్కడ చెట్లు తగ్గాయో, ఎక్కడ కొత్తగా దారి పడిందో పాత ఫోటోతో పోల్చి చూసి, మ్యాపు తయారుచేసి అడవి కాపలావాళ్లకు పంపడం అక్క పని. ఆఫీసంతా ఆమెను అక్కా అనే పిలుస్తుంది, ఎందుకంటే ఆ కాపలావాళ్లలో ఒకడు ఆమె సొంత తమ్ముడు. "తమ్ముడు తిన్నాడో లేదో కూడా పైనుంచే చూస్తుంది" అని పక్క సీటాయన వేళాకోళం.

ఫోటోలో మబ్బులుంటే మ్యాపు మచ్చలు మచ్చలుగా వస్తుంది. మచ్చలంటే పై అధికారికి ఒళ్లు మంట. అందుకని మబ్బున్నచోట కత్తిరించి, పాత ఫోటోలోని పచ్చటి ముక్క అతికించేయడం అందరికీ అలవాటైపోయింది. ఆ రోజూ అక్క ఓ తెల్లటి ముక్కను అలాగే తీసేసి, మ్యాపు పంపేసి, టీ తెచ్చుకుంది.

టీ తాగుతూ అసలు ఫోటో మీద మళ్లీ ఓ చూపు వేసింది. మిగతా మబ్బులన్నిటికీ పక్కనే నేల మీద నల్లటి నీడ ఉంది. తను తీసేసిన దానికి లేదు. నేలను అంటుకుని పాకేదానికి నీడెక్కడిది? అది పొగ. తమ్ముడు వాళ్లు ఆ మ్యాపు చూసుకుని ఈపాటికి అటే వెళ్లి ఉంటారు.

ఫోను కలవలేదు. అడవిలో సిగ్నలు ఉండి చస్తేగా! రేంజి ఆఫీసుకు చేసి, వైర్‌లెస్‌లో కలపమని బతిమాలింది. గరగర మధ్య తమ్ముడి గొంతు వినపడింది.

"అక్కా, చుట్టూ పొగే! నీ మ్యాపులో అంతా పచ్చగా ఉంది కదా?"

అక్క అసలు ఫోటోను తెర మీద పెద్దది చేసింది. నిజం చెబితే ఇక తన మాట వింటారా?

"మబ్బనుకుని తుడిచేశాన్రా. నాదే తప్పు. ఇప్పుడు అసలు ఫోటో చూసి చెప్తున్నా. పొగ తూర్పుకి పాకుతోంది. గుట్ట ఎక్కొద్దు, దక్షిణంగా వాగులోకి దిగిపోండి."

అవతల ముసలి కాపలాదారు కస్సుమన్నాడు. "పొద్దున దారి బావుందన్నదీ ఆవిడేగా! మళ్లీ ఆవిడ మాటేనా?"

అక్కకు ఏడుపొచ్చింది. ఆయన అన్నదాంట్లో తప్పేముంది?

"తప్పయితే తప్పని చెప్పేసిందిగా మా అక్క. పదండి" అన్నాడు తమ్ముడు. ఆ తర్వాత వైర్‌లెస్ మూగబోయింది.

అక్క కుర్చీకి అతుక్కుపోయింది. తెర మీద పొద్దుటి పొగ కదలకుండా ఉంది. ఫోటో తీశాక మంట ఎటు తిరిగిందో ఆమెకు తెలియదు. గాలి మారి ఉంటే తానే వాణ్ని మంటలోకి తోసినట్టు. పక్క సీటాయన వచ్చి నిలబడ్డాడు.

చాలాసేపటికి మళ్లీ గరగర. దగ్గు. ముసలాయన గొంతు.

"నీళ్లలో ఉన్నామమ్మా, అందరం. మీ తమ్ముడికి చెయ్యి కాలింది, ప్రాణానికేం భయం లేదు. ఒక్క మాట. ఇకనుంచి కనపడనిది కనపడలేదనే పంపండి. మచ్చలుంటే మేం జాగ్రత్తగా నడుస్తాం."

సరేనంది అక్క. పొద్దుటి మ్యాపు తెరిచి, తను అతికించిన పచ్చటి ముక్కను తీసేసింది.