మూత పైకి తెరుచుకునే ఫ్రీజర్

షాపులో రెండు ఫ్రీజర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి బీరువాలా నిలువుగా, ఆరు సొరుగులతో. రెండోది పెట్టెలా అడ్డంగా, మూత పైకి తెరుచుకునేది.

చిన్నకోడలు నిలువుదాని మీద చెయ్యి వేసింది. ఇంట్లోనే కూరలు వండి, డబ్బాల్లో ఫ్రీజ్ చేసి, నర్సులకూ డ్రైవర్లకూ అమ్ముతుంది ఆమె. ఈమధ్యే నడుంలో డిస్కు జారింది. వంగారంటే మంచానికి అతుక్కుపోతారన్నాడు డాక్టరు.

"నాకు ఇదే కావాలి" అంది.

"పెట్టెలో ఎక్కువ పడతాయి. కరెంటు పోయినా చల్లదనం నిలుస్తుంది. దీని తలుపు తీస్తే చాలు, చల్లగాలంతా నీ కాళ్ల మీదికే" అన్నాడు భర్త. షాపువాడు తలూపాడు.

ఒక్కటీ అబద్ధం కాదు. అదే చిక్కు.

"నేను వంగలేను కదండీ."

"మా వదిన లేదూ?"

వెనకే ఉన్న తోడికోడలు నవ్వింది. "వంగడం నాకొదిలెయ్ చెల్లీ. నువ్వు మహారాణిలా కూర్చో!"

పెట్టె ఇంటికి వచ్చింది.

వారంలోనే మొదటి దెబ్బ తగిలింది. ఏ కూరో, ఏ తేదీన వండిందో చిన్నకోడలు డబ్బా పక్కగోడ మీద రాస్తుంది. పెట్టెలోకి పైనుంచి చూస్తే మూతలే కనిపిస్తాయి. అన్నీ ఒకేలాంటి తెల్లమూతలు. తోడికోడలు మార్కరు అందుకుని, తన గుండ్రటి అక్షరాలతో మూతలన్నీ నింపేసింది. అడుగున ఏముందో, ముందు ఏది పంపాలో ఇక ఆమెకే తెలుసు. ఎవరు ఫోన్ చేసినా "ఉండండి, అక్కని అడిగి చెప్తా" అనక తప్పలేదు చిన్నకోడలికి. పదిసార్లు ఆ మాట విన్నవాళ్లు పదకొండోసారి నేరుగా అక్కకే చేశారు.

రెండో నెలలో గరిటె కూడా చేతులు మారింది.

"ఎంతసేపని నిలబడతావే? నడుం జాగ్రత్త!"

ఓ మధ్యాహ్నం తోడికోడలు బయటికెళ్లింది. కొత్త నర్సు ఒకావిడ తలుపు తట్టింది. నాలుగు డబ్బాలు కావాలట. చిన్నకోడలు మూత ఎత్తి వంగింది. రెండో వరస దాకా చెయ్యి అందింది. ఇంకాస్త వంగేసరికి నడుంలో కత్తి దిగినట్టయింది. పెట్టె అంచు పట్టుకుని ఉండిపోయింది.

నర్సు గబగబా వచ్చి ఆమెను లేపింది.

"ఎందుకమ్మా ఈ అవస్థ? ఓనరుగారు వచ్చాకే తీసుకుంటాలే. నువ్వు ఇక్కడ పనిచేస్తావా?"

చిన్నకోడలు మూత దించింది.

"చేసేదాన్నండీ" అంది.