మెత్తని గొంతు

భోజనాల వేళ దాటిపోయినా ఆ మనిషి బల్ల మీంచి లేవలేదు. పొద్దున్న ఆఫీసు తలుపులు తీసేసరికే వచ్చి కూర్చుంది. ఇప్పటికి ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగిందో, తాగిన ప్రతిసారీ "చల్లగా ఉండు తల్లీ" అని దీవించింది.

ఆ దీవెన విన్నప్పుడల్లా మేనేజరు గది ముందు కూర్చునే అసిస్టెంటు తల దించుకుని టైపు చేస్తున్నట్టు నటించింది. ఎందుకంటే ఆ ఆఫీసులో నీళ్ళకి వేరే అర్థం ఉంది. లోపలికి పంపవలసిన వాళ్ళకి టీ వస్తుంది, వెనక్కి పంపవలసిన వాళ్ళకి నీళ్ళు వస్తాయి. అసిస్టెంటు కళ్ళతో చెబుతుంది, టీ పోసే ముసలాయన ఆ ప్రకారం అందిస్తాడు. ఈ పద్ధతి కనిపెట్టింది ఆవిడే. కసిరి పంపితే మనిషి గొడవ చేస్తాడు, నీళ్ళిచ్చి పంపితే దండం పెట్టి పోతాడు. "నీ తెలివే తెలివమ్మా!" అని అప్పట్లో మేనేజరు మెచ్చుకున్నాడు. ఆవిడ పొంగిపోయింది కూడా.

మంచి అసిస్టెంటుకు ఉండవలసినవన్నీ ఆవిడకు ఉన్నాయి. ఒకసారి విన్న పేరు మరిచిపోదు. ఫోను ఎక్కువసేపు మోగనివ్వదు. గుట్టు సంగతంటారా, ఆవిడ నోట్లో నువ్వుగింజేమిటి, బస్తా నువ్వులు పోసినా నానుతాయి. అన్నిటికీ మించి ఆ గొంతు. కాదన్న మాట కూడా ఆ గొంతులోంచి వస్తే అవునన్నట్టే ఉంటుంది. తల్లి మందులూ, ఇంటి అద్దే ఆ గొంతు మీదే నడుస్తున్నాయి. కొత్తగా చేరిన అమ్మాయిలకు మంచి అసిస్టెంటు ఎలా ఉండాలో రేపు నాలుగు మాటలు చెప్పమని మేనేజరు ఆవిడకే పురమాయించాడు.

"మా ఆయన మీ మిల్లులోనే మెషీన్ మీద పని తల్లీ," అంది బల్ల మీద మనిషి, ఎవరూ అడక్కుండానే. "మొన్న ఆదివారం చెయ్యి ఇరుక్కుపోయింది."

అసిస్టెంటుకు తెలుసు. అయినా అప్పుడే వింటున్నట్టు తల ఊపింది.

"పనిలోనే దెబ్బ తగిలిందని కంపెనీ ఇవాళ సాయంత్రంలోగా ఒక్క మాట చెబితే ఆసుపత్రిలో పెద్దాపరేషన్ చేస్తారంట, వేళ్ళు నిలబడతాయంట. లేకపోతే రేప్పొద్దున తీసేస్తామంటున్నారు. మిల్లువాళ్ళేమో సెలవురోజు నీ అంతట నువ్వే వచ్చావంటున్నారు. సెలవురోజు సరదాకి ఎవరన్నా మెషీన్ దగ్గరికొస్తారా, నువ్వే చెప్పు! ఎవరో అమ్మాయి ఫోన్ చేసి పిలిచిందంట. ఆ పూట ఆయనకి ఒంట్లో బాగాలేదు, రాననే అందామనుకున్నాడు. 'అంత మర్యాదగా అడిగితే కాదనడానికి నోరు రాలేదే' అన్నాడు పిచ్చి మనిషి."

అసిస్టెంటుకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అర్జెంటు ఆర్డరుంది, ఎవరినో ఒకరిని పిలిపించు అన్నది మేనేజరే. కానీ పిలిచింది తను. "మీరైతేనే ఈ పనవుతుందని సార్ అన్నారండీ" అని ఒక మాట సొంతంగా కలిపింది కూడా. సార్ ఆ మాట అననే లేదు. సార్‌కి ఆ మనిషి పేరే తెలియదు.

లేచి లోపలికి వెళ్ళింది.

"సార్, ఆవిడ ఇంకా కూర్చునే ఉందండీ. ఆదివారం మనమే కదా పిలిచింది..."

"మనం అంటే ఎవరమ్మా?" మేనేజరు తలెత్తలేదు. "నేనెవరికీ ఫోన్ చెయ్యలేదు. నువ్వు చేశావా?"

జవాబు కోసం ఆగకుండా మేనేజరు కాగితం తిప్పాడు.

"చెయ్యలేదు కదా. చెప్పకుండానే అర్థం చేసుకుంటావు, నీలో నాకు నచ్చేది అదే. ఊళ్ళో లేనని చెప్పి పంపించెయ్. రేపటి స్పీచి సంగతి చూసుకో."

"సరే సార్," అంది ఆవిడ. ఆ రెండు మాటలూ అలవాటు కొద్దీ వచ్చేశాయి. గది దాటాక తన మీద తనకే అసహ్యం వేసింది.

అయినా చెప్పింది. "సార్ ఊళ్ళో లేరమ్మా. రేపు రండి."

ఎంత మెత్తగా చెప్పిందంటే ఆ మనిషికి కోపం కూడా రాలేదు. "నువ్వు మాత్రం ఏం చేస్తావులే తల్లీ" అని లేచి, చెంగుతో ముఖం తుడుచుకుని, భర్తకు ఫోన్ చేసింది.

"సార్ లేరంటయ్యా... అడిగాను... గట్టిగానే అడిగాను, నా మాట నమ్మవేం?" అంటూ ఫోను అసిస్టెంటు ముందుకు చాపింది. "నేను భయపడి లేచొచ్చేస్తున్నాననుకుంటున్నాడమ్మా. ఆ ముక్కేదో నువ్వు చెప్పు. నీ మాటైతే నమ్ముతాడు."

అసిస్టెంటు ఫోను అందుకుంది. సార్ లేరండీ అంటే చాలు, ఆ గొంతు అతను గుర్తుపట్టవచ్చు. పట్టకపోతే నమ్ముతాడు. గుర్తుపట్టడం కన్నా అతను నమ్మడమే ఆవిడకు ఎక్కువ సిగ్గనిపించింది.

"హలో, ఎవరండీ?" అవతల బాధ అణచుకుంటున్న గొంతు.

ఆవిడ నోరు తెరిచింది. ఎప్పుడూ పిలిస్తే పలికే ఆ మెత్తని గొంతు ఈసారి రాలేదు. ఏదో బొంగురు గొంతు వచ్చింది.

"ఆదివారం మీకు ఫోన్ చేసింది నేనేనండీ. సార్ పిలవమంటే పిలిచాను. సార్ ఊళ్ళోనే ఉన్నారు. తన గదిలోనే ఉన్నారు."

ఆ మనిషి మూసి ఉన్న తలుపు వంక చూసింది, బల్ల మీది ఖాళీ గ్లాసు వంక చూసింది, ఆ తరవాత అసిస్టెంటు ముఖంలోకి చూసింది. అసిస్టెంటు ఆ చూపుకు ఎదురు నిలవలేకపోయింది.

టీ పోసే ముసలాయన వరండాలోంచి వచ్చి, ఎప్పటిలాగే ఏమివ్వమంటావని ఆవిడ కళ్ళలోకి చూశాడు.

"టీ ఇవ్వు తాతా," అంది పైకే.

టీ వచ్చింది. ఆ మనిషి ముట్టుకోలేదు. ఈసారి దీవించలేదు కూడా.

లోపల బెల్లు మోగింది. కాసేపాగి, కోపంగా మళ్ళీ మోగింది. అసిస్టెంటు లేచి తలుపు బార్లా తెరిచి, తను లోపలికి వెళ్ళకుండా, ఆ మనిషికి దారి వదిలి పక్కకి నిలబడింది.