బస్సు తిన్నె దగ్గర సైకిల్ దారి

తైవాన్‌లోని తైనాన్ నగరంలో మా వీధిని మార్చే పని, నగరపాలక ఇంజనీరుగా, పదకొండు నెలలుగా నా నెత్తిన ఉంది. అంగళ్ల ముందు నిలిపే స్కూటర్లను తీయించి, ఆ చోటు సైకిళ్లకూ బస్సులకూ ఇచ్చాం. టైర్ల కొట్టు నడిపే కో అత్త అడ్డం పడని రోజు లేదు.

తీరా ప్రారంభానికి రెండు గంటలుండగా లియావ్ మాస్టారిని పిలిచాను. ఆయనకు చూపు లేదు. మూల మీద మసాజు గది నడుపుతారు. చూపులేనివాళ్లు కాలితో దారి పట్టేందుకు నేలమీద పరిచిన గరుకు పలకల వెంట ఆయన ఒకసారి నడిస్తే నా మనసు కుదుటపడుతుంది.

కాలిబాట దిగి బస్సు ఎక్కే తిన్నె వైపు అడుగు వేశారు. ఆ రెంటి నడుమే సైకిల్ దారి. దారి ఇంకా తెరవకముందే, చప్పుడు లేకుండా ఓ సైకిల్ దూసుకొచ్చింది. చొక్కా పట్టి ఆయన్ని వెనక్కి లాగాను. చేతికర్ర చక్రంలో పడి ఫట్‌మని విరిగింది.

"ఏంటమ్మా అది?"

"సైకిల్, మాస్టారూ."

"నాకేం వినపళ్లేదే! బస్సయితే దూరం నుంచే తెలుస్తుంది."

ఆ దారి నమూనా గీసింది నేనే.

పై అధికారి షెన్ గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"రిబ్బన్ కత్తిరించాక చూద్దాంలే, యూవెన్."

"ఈలోగా ఎవరికైనా తగిలితే, సార్?"

"ఆపాలనుంటే నీ పేరు మీదే ఆపు. నన్ను లాగకు."

"అలాగే సార్."

బారికేడ్లు అడ్డం పెట్టించాను. అప్పటికే జనం చేరారు. మైకు అందుకున్నాను. "తప్పు నాది. చూపులేనివాళ్లకు ఇక్కడ ప్రమాదం ఉంది. సరిచేసేదాకా తెరవం."

కో అత్త పగలబడి నవ్వింది. "విన్నారా! అంత చదువూ చదివి ముసలాయన కర్ర విరగ్గొట్టింది! మా స్కూటర్ల చోటు మాకిచ్చెయ్!"

అంగళ్లవాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"కో వదినా," అన్నారు మాస్టారు, "నీ కొట్టు ముందు స్కూటర్లకు తగిలి నాలుగుసార్లు పడ్డాను. ఒక్కసారైనా 'తప్పు నాది' అన్నావా?"

ఆమె గిర్రున తిరిగి కొట్టులోకి వెళ్లిపోయింది. చప్పట్లూ ఆగాయి.

సరిచేయడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. దాటేచోట సైకిల్ దారిని కాలిబాట ఎత్తుకు లేపి, దానికి ముందు చిన్న చిన్న గట్లు పెట్టాం. సైకిళ్లు నెమ్మదించక తప్పదు, గడగడమని వినపడకా తప్పదు. ప్రతి పొద్దునా మాస్టారు వచ్చి, చెవి ఒగ్గి, "చప్పుడు ఇంకొంచెం పెరగాలి" అనేవారు. అన్ని రోజులూ షెన్ గారు నాతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

రిబ్బన్ లేకుండానే వీధి తెరిచాం. మాస్టారు ఒక్కరే దాటి, తిన్నె మీది నుంచి నేరుగా బస్సులోకి అడుగుపెట్టారు.

కో అత్తకు నా మీద కోపం పోలేదు. కానీ గరుకు పలకల మీద టైర్లు పేర్చబోయిన పనివాణ్ణి ఆమే కసిరింది: "అక్కడొద్దురా, మనిషి నడిచే చోటు!"