నూట పద్దెనిమిది కిలోమీటర్లు

రెండు ఊళ్ళ పేర్లూ నెట్‌లో కొడితే విమాన దూరం నూట పద్దెనిమిది కిలోమీటర్లు, ప్రయాణం ఇరవై అయిదు నిమిషాలు అని వచ్చింది. అది చూసి మురిసిపోయాడు శ్రీకర్. ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఒక ఆదివాసీల ఊళ్ళో భార్య చైత్రకి క్లినిక్‌లో నర్సు ఉద్యోగం, ఇంకో ఊళ్ళో తనకి లెక్కల టీచరు ఉద్యోగం. అప్పటిదాకా కలిసి ఉన్న మాసన్ లేక్స్‌లో ఇల్లు ఖాళీ చేసి ఎవరి ఊరికి వాళ్ళు చేరారు. లెక్కల మాస్టారు కదా, దూరం చూశాడు గానీ విమానం ఉందో లేదో చూడొద్దూ? లేదు. డార్విన్ నగరం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి రావాలి, రెండు రోజుల పని. వానలు మొదలయ్యాక రోడ్డూ మునిగింది.

మంగళవారం పొద్దున ఏడింటికి చైత్ర ఫోన్ చేసింది.

“శ్రీకర్, బ్లీడింగ్ అవుతోంది. నాకు భయంగా ఉంది. ఎలాగైనా రా, ప్లీజ్.”

ఆమెకి రెండున్నర నెలలు. పెళ్ళయిన ఆరేళ్ళకి నిలిచిన కడుపు. మూడో నెల దాటేదాకా బయట ఎవరికీ చెప్పొద్దు, దిష్టి తగులుతుందని అత్తగారు కౌసల్య ఫోన్‌లోనే అల్లుడి చేత ఒట్టు వేయించుకుంది.

శ్రీకర్ స్కూలుకి పరిగెత్తాడు. అదృష్టం చూడండి, స్కూలు పిలిపించుకున్న చిన్న విమానం ఒకటి పది గంటలకి బయల్దేరి చైత్ర ఊళ్ళో ఆగి వెళ్తోంది. ఒక్క సీటు మిగిలింది.

“ఫ్రిజ్ మెకానిక్ ఆ సీటు అడుగుతున్నాడు. నీది ఎమర్జెన్సీ అయితే చెప్పు, నీకే ఇస్తాను,” అంది ప్రిన్సిపాల్ మార్గరెట్.

మాట నాలిక చివరిదాకా వచ్చింది. అత్తగారికి వేసిన ఒట్టు గుర్తొచ్చింది. చెప్తే దిష్టి తగిలి ఆ మిగిలిన ఆశ కూడా పోతుందేమోనని భయపడ్డాడు.

“నో, నో. ఊరికే ఫ్యామిలీ మ్యాటర్,” అన్నాడు.

“అయితే వచ్చే వారం చూద్దాం.”

చదువుకున్నవాడి బుద్ధి గడ్డి తినడమంటే ఇదే!

పదింటికి విమానం క్లాసు మీదుగా వెళ్ళింది. పిల్లలు కిటికీల దగ్గరికి ఉరికారు. శ్రీకర్ బోర్డు మీద భిన్నాలు వేస్తూనే ఉన్నాడు. ఏడుపు రాలేదు, కోపం రాలేదు, మనసంతా మొద్దుబారిపోయింది. మధ్యలో మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు.

నాలుగింటికి చైత్రే చేసింది.

“పోయింది, శ్రీకర్.”

ఆ వెంటనే ఆమే మళ్ళీ అంది.

“నేను పొద్దున్నే అందరికీ చెప్పేశాను. ప్రాణం మీదికొస్తే ఇంకా దాచుకుంటామా? మీ ఊరి నుంచి ప్లేన్ వస్తోందని తెలిసి మా క్లినిక్‌లో పనిచేసే డోరిస్ ఆంటీ కారు వేసుకుని విమానం దిగే చోటికి వెళ్ళింది, నిన్ను తీసుకురావడానికి. మెకానిక్ ఒక్కడే దిగాడట. నీకు సీటివ్వలేదా?”

“ఇస్తామన్నారు,” అన్నాడు శ్రీకర్. “ఎమర్జెన్సీ కాదని నేనే చెప్పాను.”