మళ్ళీ చెయ్యమన్నారు, చేశాను

నా నోటి సంగతి మా మిల్లులో అందరికీ తెలుసు. అందుకే ఇది నేనే చెబుతున్నాను. వేరేవాళ్ళ చేతికిస్తే, మాధవీలత నోరు పారేసుకుని వచ్చిన ఉద్యోగం చేజేతులా పోగొట్టుకుంది అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు.

మాది చిలకలూరిపేట. హైవే పక్కన జిన్నింగ్ మిల్లులో పని. లారీల్లోంచి పత్తి దిగుతుంది, మేం ఆడవాళ్ళం కుప్పల చుట్టూ కూర్చుని ఆకూ, పుల్లా, పురుగు తిన్న గుల్లా ఏరిపారేస్తాం. డిగ్రీ చదివి ఈ పనేంటే అని అడిగేవాళ్ళకి నేను జవాబివ్వడం మానేశాను. దుమ్ము లోపలికి పోయి సీజను మొత్తం దగ్గుతూనే ఉంటాను.

ఈ ఏడు మిల్లులో దూది పరీక్ష చేసే గది కట్టారు. ఏసీ, కొత్త మిషన్లు, కుర్చీ, బల్ల. మేనేజరు త్రినాథ్ గారు నన్ను పిలిచి, "గది తెరిచేలోపు క్వాలిటీ కంట్రోల్ సర్టిఫికెట్ తెచ్చుకోమ్మా. బయటివాళ్ళని పెట్టను, యార్డులోంచే తీసుకుంటాను" అన్నారు. ఆ గది నాకు కావాలి. దాచుకునేదేముంది, చచ్చేంత కావాలి.

సర్టిఫికెట్ చదువు నాకు కొత్త కాదు. కిందటేడు నేనూ జైనాబీ ఒక ఆన్‌లైన్ సంస్థలో చేరి, ఫోన్లోనే డేటా అనాలిసిస్ సర్టిఫికెట్ పూర్తిచేశాం. జైనాబీ నా పక్కన కూర్చుని పత్తి ఏరే పిల్ల. నాకంటే చిన్నది, నాకంటే నెమ్మది, మార్కులు మాత్రం నాతో సమానం. క్వాలిటీ కంట్రోల్ కోర్సు కూడా ఆ ఆన్‌లైన్ సంస్థదే. ఇద్దరం చేరాం. చేరి చూస్తే సగం సబ్జెక్టులు మేం అప్పటికే పాసైనవే. వాటికి మినహాయింపు ఇస్తే మిగతావి గది తెరిచేలోపు హాయిగా అయిపోతాయి. అప్లై చేశాం.

కుదరదన్నారు. సబ్జెక్టు కోడ్ వేరట, కాబట్టి సబ్జెక్టే వేరట.

సరే, ఎంత వేరో చూద్దామని మొదటి వీడియో పెట్టాను. అదే సారు, అదే నీలం చొక్కా. కిందటేడు ఎక్కడ దగ్గి మంచినీళ్ళు తాగాడో ఇప్పుడూ అక్కడే దగ్గి తాగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. జైనాబీ మాత్రం నవ్వుతూ కూర్చుంది.

కోర్సు కో-ఆర్డినేటర్ హెలెన్ మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ మర్యాదగానే మాట్లాడుతుంది, పాపం.

"రూలు అలా ఉందమ్మా. అన్నీ మళ్ళీ చెయ్యాల్సిందే."

"ప్రాజెక్టు కూడానా మేడమ్?"

"ప్రాజెక్టుతో సహా మళ్ళీ చెయ్యాలి."

మళ్ళీ చెయ్యమన్నారు కదా. చేశాను.

నా ప్రాజెక్టు ఏంటంటే, మా దగ్గర పత్తిలో తేమ చూడాలంటే గింజ నోట్లో వేసుకుని కొరుకుతారు. టప్పున పగిలితే ఆరిన పత్తి, పంటికింద మెత్తగా అణిగితే తడి పత్తి. రైతు ఎదురుగా నిలబడి ఆ చప్పుడు కోసం చెవులు రిక్కిస్తాడు. మా యార్డులో ఆ పని పున్నమ్మత్తది. కిందటేడు ఆమె గింజ కొరికి చెప్పింది ఒకపక్క, మిల్లు మీటరు చూపించింది ఒకపక్క రాసుకుని, రెండూ ఎక్కడ కలిశాయి, ఎక్కడ కలవలేదు, ఎందుకు అని రిపోర్టు తయారుచేశాను. జైనాబీ మీటరు పట్టుకుంది. మంచి మార్కులొచ్చాయి.

ఈ ఏడు కొత్త పత్తి దిగగానే మళ్ళీ మొదలుపెట్టాం. జైనాబీ మళ్ళీ మీటరు పట్టుకుంది. పున్నమ్మత్త మళ్ళీ గింజలు కొరికింది. "నీ సదువు అయ్యేలోపు నా పళ్ళు రాలిపోయేట్టున్నయ్యే" అని తిట్టుకుంటూనే కొరికింది. అదే నేల పత్తి, అదే మీటరు, అవే పళ్ళు. లెక్కలు కిందటేటికి దగ్గరగానే వచ్చాయి. రాకేం చేస్తాయి? రిపోర్టు కూడా పాత వరసలోనే రాశాను. చేసిన పద్ధతి అదే అయినప్పుడు, కొత్త మాటలు ఎక్కణ్ణుంచి తెచ్చిపెట్టను?

పంపిన వారానికి మెసేజ్ వచ్చింది. నా ప్రాజెక్టు వేరే విద్యార్థి ఇదివరకే ఇచ్చినదానితో దాదాపు మొత్తం కలుస్తోందట. కాపీ కేసు పెట్టారట. వీడియో కాల్‌కి రమ్మన్నారు.

మధ్యాహ్నం అన్నం వేళ దూది బేళ్ళు పేర్చే షెడ్డు వెనక కూర్చుని కాల్‌లోకి వెళ్ళాను. హెలెన్ మేడమ్, ఆవిడ పక్కన ఎగ్జామ్స్ చూసే పెద్దాయన. జైనాబీ నా భుజం పక్కనుంచి తొంగి చూస్తోంది.

"ఇంతకీ ఆ వేరే విద్యార్థి ఎవరు సార్?" అన్నాను.

ఆయన కాగితం చూసుకున్నాడు. "మీరేనమ్మా."

"నన్ను చూసి నేను కాపీ కొట్టానా?"

"సొంత పనైనా సరే, ఒకే పనిని రెండుసార్లు ఇస్తే కాపీ కిందకే వస్తుంది."

"అయితే రెండూ ఒకటేనంటారు."

"ఒకటే."

"ఒకటే అయితే మినహాయింపు ఇవ్వండి. కాదు, వేరేనంటారా, కాపీ కేసు తీసెయ్యండి. ఏదైనా నాకు ఫర్వాలేదు సార్, మీరే ఎంచుకోండి."

ఆయన కాగితం పక్కన పెట్టాడు. తర్వాత ఆయన, మినహాయింపు అడ్మిషన్ల వాళ్ళు చూస్తారనీ, కాపీ సంగతి తాము చూస్తామనీ, రెండూ వేరు వేరు విభాగాలనీ చెప్పాడు.

"మరి మీ విభాగాలకి ఒకళ్ళతో ఒకళ్ళకి మాటల్లేవా?" అన్నాను. హెలెన్ మేడమ్ తల దించుకుంది. నవ్విందో, బాధపడిందో నాకు తెలీదు.

నేను ఊరుకునే రకాన్ని కాదు కదా. మినహాయింపు కుదరదన్న మెసేజూ, కాపీ కొట్టావన్న మెసేజూ పక్కపక్కన పెట్టి స్టూడెంట్ల గ్రూపులో పడేశాను. ఏది నిజమో చెప్పండి అని కింద రాశాను. ఒంగోలు నుంచి ఒకడు నాదీ ఇదే గొడవ అన్నాడు. మంగళగిరి నుంచి ఒకామె, తాడేపల్లి నుంచి ఇంకొకామె. సాయంత్రానికి గ్రూపు నిండిపోయింది. అందరూ ఎవరికి వాళ్ళు నోరు మూసుకుని నీలం చొక్కాని రెండోసారి చూస్తున్నవాళ్ళే.

ఆ నెలాఖరుకి రూలు మారింది. మొదటి సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకి కలిసే సబ్జెక్టులన్నిటికీ మినహాయింపు, ప్రాజెక్టుతో సహా. జైనాబీ తన ప్రాజెక్టు ఇంకా పంపలేదు కాబట్టి దానిమీద కేసు లేదు, మిగతా పరీక్షలు రాసి సర్టిఫికెట్ తెచ్చుకుంది. నాకు మాత్రం రాలేదు. కాపీ కేసు ఉన్నవాళ్ళకి అది తేలేదాకా మినహాయింపు వర్తించదట. తేలాలంటే, పొరపాటు చేశాను, క్షమించండి అని ఒక్క లైను రాసివ్వాలట.

గది తెరిచారు. కుర్చీలో జైనాబీ కూర్చుంది. నాకు కడుపు మండింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. పోట్లాడింది నేను, కూర్చుంది అది. దాని తప్పు ఇసుమంత లేదని తెలిసీ రెండ్రోజులు దాని మొహం చూడలేదు.

మూడో రోజు త్రినాథ్ గారే నన్ను ఆ గదిలోకి పిలిచారు. "రెండో షిఫ్టుకి కూడా మనిషి కావాలమ్మా. నీకే ఇద్దామనుంది. ఆ ఒక్క లైను రాసి పడెయ్. ఎవరు చూడొచ్చారు?"

హెలెన్ మేడమ్ కూడా పొద్దున్నే మెసేజ్ పెట్టింది. "మాధవీ, ఒక్క లైను పంపితే ఈరోజే కేసు మూసేయిస్తాను. మీ మంచికే చెబుతున్నాను." నా మంచికే అని నాకూ తెలుసు. గదిలో చల్లగా ఉంది, దగ్గు రాలేదు. ఫోన్ తీసి, పొరపాటు అని కొట్టాను. ఆపైన వేలు కదల్లేదు. ఏం పొరపాటు చేశాను? పున్నమ్మత్త చేత గింజలు కొరికించడం పొరపాటా? వాళ్ళు చెయ్యమన్న పని చెయ్యడం పొరపాటా?

ఆ మాట చెరిపేసి ఇలా రాశాను: "మేడమ్, ఆ ప్రాజెక్టు నాది. మొదటిసారీ నేనే చేశాను. మీరు మళ్ళీ చెయ్యమన్నారని రెండోసారీ నేనే చేశాను. కాపీ కొట్టానని మాత్రం రాయను."

పంపబోతుంటే జైనాబీ లేచొచ్చి నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. చెరిపేస్తుందనుకున్నాను. అది నిలబడే ఏదో కొట్టి, నేను చూసేలోపే పంపేసి ఫోన్ నా చేతిలో పెట్టింది. నా మాటల కింద ఇలా ఉంది: "రెండుసార్లూ మీటరు పట్టుకున్నది నేను. ఇది కాపీ అయితే నాకిచ్చిన సర్టిఫికెట్ కూడా వెనక్కి తీసుకోండి. జైనాబీ."

త్రినాథ్ గారు అది చదివి తల పట్టుకున్నారు. "నీకేం పోయేకాలం వచ్చిందే? కుర్చీ ఎక్కి మూడ్రోజులు కాలేదు."

"నాకు మినహాయింపు వచ్చింది మాధవక్క పోట్లాడితేనే సార్," అంది జైనాబీ, ఎప్పటిలా నెమ్మదిగా. "అక్క దొంగయితే నేనూ దొంగనే."

 నేను బయటికొచ్చి కుప్ప దగ్గర కూర్చున్నాను. లోపల జైనాబీ మిషను ఆన్ చేసిన చప్పుడు వినిపించింది. మేడమ్ మెసేజ్ చూసినట్టు ఫోన్లో టిక్కు పడింది, జవాబు ఇంకా రాలేదు. రేపటికీ రాకపోతే నేనే ఫోన్ చేసి అడుగుతాను.