ఊతపదం

మీటింగుకి ఆయన వేసుకెళ్ళే చొక్కాని ఆమె ఇస్త్రీ చేస్తోంది. నిజానికి ఆ మీటింగు ఆమె ఆఫీసుది. ఊరికి వదిలే తాగునీళ్ళని ల్యాబులో పరీక్షించే పని పద్నాలుగేళ్ళుగా ఆమెది. పిలుపు మాత్రం మొగుడికి వచ్చింది.

తప్పు తనదే అనుకుంటుంది అప్పుడప్పుడు. చేరిన కొత్తలో "ఈ నీళ్ళలో ఏదో తేడా ఉందనిపిస్తోందండీ" అంటే పెద్దసారు తలెత్తేవాడు కాదు. "అనిపించడాలు ఇంట్లో చూసుకోమ్మా" అన్నాడోసారి. ఇంట్లోనేమో అత్తగారు "ఆఫీసు తెలివితేటలు చెప్పులతోపాటు గుమ్మం బయటే వదిలి రా" అనేది. అక్కడా ఇక్కడా చోటు లేని అభిప్రాయాన్ని ఏం చేసుకోవాలో తెలియక, ఒకరోజు "మా ఆయన అన్నారండీ, పాత పైపు ఎక్కడో పగిలుంటుందని" అనేసింది. ఆయన వంతెనలు కట్టే ఇంజినీరు. ఆయనతో పైపు ఊసే ఎత్తలేదు. సాయంత్రానికల్లా రోడ్డు తవ్వారు. పైపు పగిలే ఉంది.

అప్పట్నుంచి "మా ఆయన అన్నారు" ఆమె ఊతపదమైంది. ఆ మాట ముందు తగిలిస్తే చాలు, ఫైలు కదిలేది. ఆఫీసులో ఆమెకి 'ఆయనగారన్నారు మేడం' అని పేరు పెట్టారు. ఆమే ముందు నవ్వింది, పని జరిగితే చాల్లే అనుకుంది. ఆఫీసువాళ్ళు ఎక్కడ కనబడినా చెయ్యి కలిపి మెచ్చుకుంటుంటే, మొదట్లో తికమకపడ్డ ఆయన కూడా రానురాను హుందాగా తలూపడం నేర్చుకున్నాడు. ఆమె నవ్వు ఎప్పుడు ఆగిపోయిందంటే, ఓ మధ్యాహ్నం ల్యాబులో ఒంటరిగా సీసా వెలుతురుకెత్తి చూస్తూ, 'దీనికి మా ఆయన ఏమంటారో' అనుకున్నప్పుడు. మరి తనకేమనిపిస్తోందని లోపల వెతుక్కుంటే వెంటనే ఏమీ దొరకలేదు. చాలా భయం వేసింది.

ఇప్పుడు కొత్త బోరు నీళ్ళు పది వీధులకి వదలాలా వద్దా అన్నది తేల్చాలి. ఆ నీళ్ళు పసిపిల్లలకి మంచివి కావని మూడు నెలలుగా ఆమె పరీక్షల్లో వస్తోంది. ఈసారి పట్టుబట్టి, ఊతపదం లేకుండా తన పేరుతోనే రిపోర్టు పెట్టింది. పెద్దసారు చదివి "ఎందుకైనా మంచిది, సారునే పిలుద్దాం" అన్నాడు.

"వదలొద్దని చెప్పండి, నైట్రేటు బాగా ఎక్కువుంది" అంది చొక్కా అందిస్తూ.

"నాకు తెలీదా? ఇన్నేళ్ళూ మీ ఆఫీసుకి సలహాలు చెప్తోంది ఎవరనుకున్నావ్?" అన్నాడు ఆయన. అబద్ధమాడుతున్నట్టు లేదు. పాపం, నమ్మేశాడు.

మీటింగులో బల్ల చుట్టూ తొమ్మిదిమంది మగవాళ్ళు. ఆమె ఓ చివర కూర్చుని మినిట్సు రాస్తోంది. ఆయన గ్లాసెత్తి చూసి "తేటగా ఉన్నాయి కదండీ. నిక్షేపంగా వదలండి" అన్నాడు.

"రాసుకోమ్మా" అన్నాడు పెద్దసారు తృప్తిగా. "ఇన్నేళ్ళలో సారు ఒక్క పొరపాటు మాటైనా చెప్పారా?"

ఆమె పెన్ను ఆగింది. నోరు విప్తే ఇంట్లో ఏమవుతుందో తెలుసు. రేపట్నుంచి ఆఫీసులో తన మాట ఎవరూ వినరనీ తెలుసు.

"చెప్పలేదండీ" అంది. అందరూ తలూపారు.

"పొరపాటూ చెప్పలేదు, ఒప్పూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ చెప్పింది నేను."