మేనేజరు మొరగడం మానేశాడు

ఆ కుక్కకి మేనేజరు అని పేరు పెట్టింది అక్క. ఇంట్లో ఒక్క పనీ చెయ్యడు, చేసేవాళ్ల వెనకాలే తిరుగుతూ అంతా సవ్యంగా జరుగుతోందా లేదా అని చూస్తాడు, అందుకని. ఒంటి రంగు టీ మరక రంగు. ఒక చెవి నిలబడి ఉంటుంది, ఇంకోటి వాలిపోయి ఉంటుంది. ఏ జాతో ఎవరికీ తెలియదు. అక్క పోయాక వాడు చంటి ఇంటికి వచ్చాడు.

చంటి అంటే చంటిపిల్ల కాదు, నలభై రెండేళ్ల మనిషి. అక్కకంటే తొమ్మిదేళ్లు చిన్నది కాబట్టి ఆ పిలుపు అలా ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు. కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబ్‌లో పద్దెనిమిదేళ్లుగా పని చేస్తోంది. పళ్ల డాక్టర్లు నోటి అచ్చులు పంపుతారు. వాటిని ముందు పెట్టుకుని, మైనంతో పన్ను మలిచి, అరగదీసి, పక్క పంటితో రంగు కలిపి చూసుకోవాలి. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా అదే పని. "ఈ ఊళ్లో సగం మంది నవ్వులు నా చేతిమీదుగా వెళ్లినవే" అని ఒకప్పుడు జోకులేసేది.

అక్క అదే ఊళ్లో, బస్సులో నలభై నిమిషాల దూరంలో ఉండేది. బావ పోయి చాలా ఏళ్లయింది. ఒక్కగానొక్క కూతురికి వేరే ఊళ్లో ఉద్యోగం. ఇంట్లో అక్కా, మేనేజరూ, అంతే.

ఆ గురువారం మధ్యాహ్నం సరిగ్గా మూడింటికి చంటి ఫోన్ మోగింది. అక్క పక్కింటాయన.

"ఏమండీ, మీ అక్కగారి కుక్క పన్నెండింటి నుంచీ ఒకటే మొరుగుడు. చెవులు చిల్లులు పడుతున్నాయి. బెల్లు కొడితే ఆవిడ తలుపు తియ్యట్లేదు."

చంటి చేతిలో ఆరు పళ్ల వరస ఉంది. ఐదింటికి డాక్టరు తాలూకు మనిషి వచ్చి పట్టుకెళ్లాలి. ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "మందులేసుకుని పడుకుని ఉంటుందండీ. సాయంత్రం నేను వెళ్లి చూస్తాలెండి" అంది. చేతులు కడుక్కున్నాక అక్కకి ఒకసారి ఫోన్ చేద్దాం అనుకుంది. ఆరు పళ్లలో పడి మర్చిపోయింది.

ఏడు కావొస్తుండగా తన దగ్గరున్న తాళంతో తలుపు తీసింది. అక్క వంటింట్లో, పొయ్యి గట్టు కింద, పక్కకి తిరిగి పడి ఉంది. మేనేజరు ఆమె భుజం దగ్గర కూర్చుని ఇంకా మొరుగుతూనే ఉన్నాడు. గొంతు మాత్రం లేదు, గాలి బయటికొస్తోంది. చంటిని చూసి ఆపేశాడు.

వచ్చిన డాక్టరు కాగితం రాస్తూ, తల ఎత్తకుండానే, "నాలుగు, నాలుగున్నర దాకా ప్రాణం ఉండి ఉంటుంది" అన్నాడు. ఆ మాట విన్నది చంటి ఒక్కతే. మర్నాడు అక్క కూతురు వచ్చి, చంటిని పట్టుకుని, "పిన్నీ, అమ్మ బాధపడలేదు కదా?" అని అడిగింది.

"లేదమ్మా. పడింది, పోయింది. తనకేం తెలిసుండదు" అంది చంటి.

మూడింటికి వచ్చిన ఫోన్ గురించి చెప్పలేదు. పక్కింటాయన కూడా ఎవరికీ చెప్పలేదు. తలుపు బద్దలుకొట్టని బాధ ఆయనకీ ఉండి ఉంటుంది.

ఆ రోజు నుంచి మేనేజరు మళ్లీ మొరగలేదు. తలుపు కొట్టినా, వీధిలో ఇంకో కుక్క ఎదురొచ్చినా నోరు విప్పడు. పశువుల డాక్టరు వాడి గొంతులోకి లైటు వేసి చూసి, "అంతా బాగానే ఉందండీ. వాడికే మొరగాలని లేదు" అన్నాడు.

చంటి రోజు మారిపోయింది. ఐదింటికి లేచి వాణ్ని తిప్పి తీసుకురావడం, తిండి పెట్టడం, రెండు గిన్నెల్లో నీళ్లు నింపడం, ఎనిమిదిన్నరకి తలుపు వేసి బస్సుకి పరుగెత్తడం. సాయంత్రం వచ్చేసరికి వాడు గడప దగ్గరే, పొద్దున్న ఎలా వదిలిందో అలాగే ఉండేవాడు. పది గంటలు ఒక్కడే ఉంటున్నాడని, కింద వాటాలో ఉండే టైలరమ్మకి తాళం ఇచ్చి, మధ్యాహ్నం ఒకసారి చూడమని అడిగింది. టైలరమ్మది జాలిగుండె. సరేనంది.

రెండు వారాలు తిరక్కుండానే ఆవిడ తాళం తెచ్చి చేతిలో పెట్టేసింది.

"నావల్ల కాదమ్మా, ఏమనుకోకు. ఒంటిగంటకి వెళ్తే బాగానే ఉంటాడు. కుట్టుపని తెమలక రెండు మూడుసార్లు మూడింటికి వెళ్లాను. వంటింట్లో వాడు చేసేది చూస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు."

"ఏం చేస్తాడు ఆంటీ?"

"నువ్వే చూసుకో. నా నోటితో నేను చెప్పలేను."

చంటి తన పాత ఫోన్‌ని వంటింటి అలమరలో నిలబెట్టి, అందులో కనిపించేది ల్యాబ్‌లో ఉన్న తన ఫోన్‌లో చూసేలా పెట్టించుకుంది. మర్నాడు మూడింటికి బల్ల కింద పెట్టుకుని చూసింది.

ముందు ఖాళీ వంటిల్లు. తర్వాత గచ్చు మీద గోళ్ల చప్పుడు. మేనేజరు లోపలికి వచ్చాడు. పొయ్యి గట్టు ముందు ఏమీ లేదు, ఉత్త గచ్చు. అయినా వాడు తిన్నగా రాలేదు. అక్కడ ఏదో ఉన్నట్టు, ఒక మనిషి పడుకునేంత మేర చోటు వదిలి, చుట్టూ తిరిగి వెళ్లి కూర్చున్నాడు. తల ఎత్తి మొరగడం మొదలుపెట్టాడు. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, మెడ ఎగిరెగిరి పడుతోంది. చప్పుడు లేదు. ఫోన్ పాడయిందేమోనని చెవి దగ్గర పెట్టుకుంది. ఫ్రిజ్ రొద వినిపిస్తోంది. కుళాయి చుక్క పడటం వినిపిస్తోంది. నాలుగున్నర దాకా వాడు అలా మొరిగి, లేచి, మళ్లీ చుట్టూ తిరిగి వెళ్లిపోయాడు.

చంటి ఇంటి వంటింట్లో అక్క ఏనాడూ పడలేదు. అక్క పోకముందు మేనేజరు ఆ ఇంటికి వచ్చిందీ లేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. చూడకూడదనుకుంటూనే మూడయ్యేసరికి చంటి చెయ్యి ఫోన్ మీదికి వెళ్లిపోయేది. ఇంట్లో వంట చేసేటప్పుడు తనకి తెలియకుండానే ఆ చోటు మీద కాలు పెట్టకుండా, ఒక పక్కగా నిలబడి పొయ్యి అందుకోవడం మొదలుపెట్టింది.

ఒకరోజు ల్యాబ్ యజమాని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. అందరూ ఆయన్ని మాస్టారు అంటారు.

"ఇది ఎడమ కోరపన్ను. కుడిపక్క పెట్టావు. పద్దెనిమిదేళ్లలో నీ చేతిలో ఇలాంటిది నేను చూళ్లేదు. ఏమైందమ్మా?"

"మాస్టారూ, రేపట్నించి పొద్దున్న ఆరింటికి వస్తాను. రెండింటికి ఇంటికెళ్లాలి. పనిలో ఒక్క పన్ను కూడా తగ్గదు."

"దేనికి?"

"కుక్క కోసం."

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "పసిపిల్లలున్నవాళ్లు అడిగితేనే కుదరదన్నాను" అని గొణుక్కున్నాడు. జేబులోంచి గుత్తి తీసి బల్ల మీద పెట్టి, "ఆరింటికి నేను లేవను. తాళాలు నీ దగ్గరే పెట్టుకో" అన్నాడు.

మొదటిరోజు మూడింటికి చంటి వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చుంది. మేనేజరు వచ్చాడు. చుట్టూ తిరిగాడు. కూర్చుని నోరు తెరిచాడు. దగ్గర్నుంచి వింటే ఊపిరి తెలుస్తోంది, ఆవిరి వదిలినట్టు.

"వచ్చాను రా. ఇదిగో, వచ్చేశాను" అంది.

వాడు ఆమె వంక చూడలేదు. ఆ ఖాళీ చోటు వంకే చూస్తూ మొరిగాడు. వారం రోజులు అలాగే గడిచింది. తను వచ్చి పక్కన కూర్చోవడం వాడికి సరిపోలేదని ఆమెకి అర్థమైంది.

ఎనిమిదో రోజు చంటి ఆ చోట పడుకుంది. అక్క పడి ఉన్నట్టే, పక్కకి తిరిగి. చెంప కింద గచ్చు చల్లగా ఉంది. అక్కణ్నుంచి చూస్తే పొయ్యి గట్టు అడుగున దుమ్మూ, కిటికీలో ఒక ముక్క వెలుతురూ తప్ప ఏమీ కనబడలేదు. మేనేజరు వచ్చాడు. ఈసారి చుట్టూ తిరగలేదు. ఆమె మొహం వాసన చూసి, ముందు కాలితో భుజాన్ని తోసి, చెవిలో నోరు పెట్టి, చప్పుడు లేకుండానే మొరిగాడు. ఆమె కదలలేదు. ఐదు నిమిషాలకే చెయ్యి తిమ్మిరెక్కింది. పావుగంటకి దాహం వేసింది. గంటన్నర అంటే ఎంతసేపో ఆమెకి ఆ రోజు తెలిసింది. నాలుగున్నరకి లేచి, అక్కడే కూర్చుని అక్క కూతురికి ఫోన్ చేసింది.

"ఏంటి పిన్నీ, ఈ టైంలో? నీకు డ్యూటీ లేదా?"

"నీకు అబద్ధం చెప్పానమ్మా" అంది చంటి. ఫోన్ వచ్చిన సంగతీ, తను అన్న మాటా, డాక్టరు అన్న మాటా, అన్నీ చెప్పింది. ఆరు పళ్ల సంగతి కూడా దాచలేదు.

"మూడింటికా?"

"మూడింటికి."

"కారులో అయితే ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు."

ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది. తర్వాత మూడు వారాలు చంటి ఫోన్ చేసినా ఆ పిల్ల ఎత్తలేదు.

ఒక శనివారం రెండున్నరకి బెల్లు మోగింది. అక్క కూతురు భుజాన సంచీతో నిలబడి ఉంది. "మేనేజరేడీ?" అంది. అచ్చం అక్క గొంతే. వాడు తోక ఊపుతూ వచ్చి ఆమె కాళ్ల మీద పడ్డాడు. మంచినీళ్లిస్తే తాగలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. మూడు అవుతుండగా వాడు ఆమె కాళ్ల దగ్గర్నుంచి లేచి వంటింట్లోకి నడిచాడు. ఇద్దరూ వెనకాలే వెళ్లారు.

వాడు చుట్టూ తిరిగి కూర్చోవడం, నోరు తెరవడం ఆ పిల్ల గుమ్మంలో నిలబడి చూసింది. రెండు నిమిషాలు ఓర్చుకుంది.

"మొరుగురా!" అని అరిచింది. "గట్టిగా మొరుగు! ఎవరికి వినపడుతుందిరా అలా అయితే?" ఆ తర్వాత ఆమె నోట్లోంచి "అమ్మా!" అన్న కేక వచ్చింది. గిన్నెలు అదిరేంత పెద్ద కేక.

మేనేజరు ఆమె వైపు తల తిప్పాడు. వాడి గొంతులో ఏదో కిర్రుమంది. ఇంకోసారి కిర్రుమంది. ఆ పైన మొరుగు బయటికొచ్చింది, మామూలు మొరుగు. అది ఆగలేదు. ఇల్లంతా మోగిపోయింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. మెడలో టేపుతో, కాళ్లకి చెప్పుల్లేకుండా టైలరమ్మ వచ్చింది. ఆవిడ వెనక, కొలతకి వచ్చి ఒక చేతికి మాత్రం గుండుసూదులతో చొక్కా తగిలించుకున్న లావుపాటి పెద్దమనిషి ఒకడు రొప్పుతూ వచ్చాడు.

"ఏమైంది? ఎవరికేమైంది?"

అక్క కూతురు వాళ్లిద్దర్నీ చూసింది, తలుపు వంక చూసింది. మెల్లగా కూలబడిపోయింది.

"ఇంతే కదా పిన్నీ" అంది. "వీళ్లు రావడానికి నిమిషం కూడా పట్టలేదు. ఇంతే కదా."

చంటి ఆమె పక్కన కూర్చుంది. ఆ పిల్ల దూరంగా జరగలేదు, దగ్గరికీ రాలేదు. అప్పుడు చంటి చెప్పగా టైలరమ్మకి కూడా సంగతంతా తెలిసింది. ఆవిడ పెద్దమనిషి చొక్కాలోంచి నేలమీద రాలిన గుండుసూదుల్ని ఒక్కొక్కటే ఏరి, తలుపు దగ్గరగా వేసి ఆయనతో కిందికి వెళ్లింది.

ఆదివారం సాయంత్రం అక్క కూతురు వెళ్లిపోతూ, "వీణ్ని తీసుకెళ్దామనే వచ్చాను. కానీ నేను పొద్దున్న వెళ్తే ఎప్పుడొస్తానో నాకే తెలీదు. నీ దగ్గరే ఉండనీ" అంది. క్షమించాననలేదు. చంటి అడగలేదు.

ఇప్పుడు మేనేజరు పావురాలని చూసి మొరుగుతాడు, మెట్లెక్కే ప్రతివాణ్నీ చూసి మొరుగుతాడు. వాడి నోరు ముయ్యమని పై వాటావాళ్లు రెండుసార్లు చెప్పి వెళ్లారు. మూడింటికి మాత్రం కొన్ని రోజులు నిద్రపోతాడు, కొన్ని రోజులు లేచి వంటింట్లోకి వెళ్తాడు. వెళ్లిన రోజు చంటి కూడా వెళ్లి కూర్చుంటుంది. అక్క కూతురు వారానికోసారి ఫోన్ చేస్తుంది. తిన్నాడా, స్నానం చేయించావా, ఆ వాలిన చెవిలో దురద తగ్గిందా అని అడుగుతుంది. చంటి అన్నిటికీ జవాబు చెబుతుంది. అవి అయిపోయాక ఇద్దరూ కాసేపు ఫోన్ పట్టుకునే ఉంటారు. అమ్మ అని ఆ పిల్లా అనదు, అక్క అని చంటీ అనదు.